ఎవరెంతని అడగొద్దు

పుష్పలత ఎప్పుడు వచ్చినా స్కూటీ దిగీ దిగకముందే ఎవరో ఒకరి బిడ్డను చంకకెత్తుకుంటుంది. ఆ రోజు ఎత్తుకోలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, పిల్లలు తినేది చూస్తూ ఉండిపోయింది. జంపక్క అది గమనించింది. చేతిలో పని మాత్రం ఆపలేదు. పప్పన్నం కలిపి, వరసగా కూర్చున్న పిల్లల కంచాల్లో ముద్దలు పెడుతూనే ఉంది.

"నీళ్లు తాగు పుష్పా."

"వద్దక్కా."

"ఎండల పడి వచ్చినవ్. ముందు తాగు. మొకం మీదున్న మాట యాడికి పోదు."

పుష్పలత చెంబెత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని, ఇక ఆగితే చెప్పలేననుకుందో ఏమో, ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మార్చి ఆఖరుకు పిల్లల ఇల్లు బంద్ చేస్తున్నరక్కా. ప్రాజెక్టు అయిపోయిందంట. హైదరాబాద్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది."

"అయిపోయిందా? ఈ పోరగాళ్లు అయిపోయిన్రా మరి? నాకైతే ఇంకా కనపడుతున్నరు."

"నా చేతుల ఏం లేదక్కా."

"నీ చేతుల లేదని నాకెర్కనే. ఎవల చేతుల ఉందో అది చెప్పు."

పుష్పలత జూలూరుపాడు పిల్ల. పిల్లల ఇంటిని నడిపే స్వచ్ఛంద సంస్థలో చేరిన కొత్తల్లో ఈ నేరేళ్లగుంపు పల్లెకు బండి దారి కూడా లేదు. చర్ల రోడ్డు మీద బస్సు దిగి, వాగు దాటి, అడవిలో నడిచి వచ్చేది. చీకటి పడితే జంపక్క ఇంట్లోనే చాప పరుచుకుని పడుకునేది. అలాంటి మనిషికి ఇప్పుడు జంపక్క మొహంలోకి చూడాలంటే కష్టంగా ఉంది. నేల చూపులు చూస్తూ మిగతాది చెప్పింది. డబ్బులిచ్చేవాళ్లు ఇకపై చిన్నపిల్లల పనికి ఇవ్వరట. రోడ్డు పక్క ఊళ్లో యువతకు కంప్యూటర్లు నేర్పే సెంటర్ పెడతారట. గ్యాస్ పొయ్యి, కుక్కర్లు, కంచాలు, చాపలు, పిల్లల బరువు తూచే కాటా అక్కడికి తరలించాలట. బేస్తవారం బండి వస్తుంది. ఆఫీసు నుంచి ఉదయ్ భాస్కర్ సారు కూడా వస్తాడు. చిన్న మీటింగ్ పెట్టి, ఇన్నేళ్లు పనిచేసినందుకు జంపక్కకు శాలువా కప్పుతారు.

"శాలువానా? ఈ ఎండలకా?" అంది జంపక్క. "కంప్యూటర్ నేర్చుకునేటోళ్లకు పిల్లల కంచాలెందుకు?"

అప్పటికి ఒక బుడ్డోడు పుష్పలత చున్నీ పట్టి లాగుతున్నాడు. ఇక ఆపుకోలేక వాణ్ని ఎత్తుకుంది.

* * *

సంస్థ లేకపోతే గుంపే లేదనడం అబద్ధం. సంస్థ వల్ల ఏమీ జరగలేదనడం అంతకంటే పెద్ద అబద్ధం.

ఈ అడవి అంచున మాఘం దాటితే మిరప కాలం. గోదావరి ఒడ్డు చేలల్లో కాయ పండి ఎర్రబడితే, గుంపులోని ఆడవాళ్లంతా తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కి కాయ ఏరడానికి పోతారు. పోడు పంట ఇంటికి సరిపోదు. మిరప కూలీ లేకపోతే ఏడాది గడవదు. కానీ మిరప చేతులు చంటిపిల్లల్ని ముట్టుకునే చేతులు కావు. రోజంతా కాయ తుంపిన వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంటాయి. కడుక్కున్నా పోదు. ఆముదం రాసుకున్నా తెల్లారేదాకా పోదు. ఆ చెయ్యి పిల్ల కంటికి తగిలిందా, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అందుకే ప్రతి ఇంట్లోనూ ఒక పెద్ద ఆడపిల్ల బడి మానేది. తమ్ముణ్ని ఎత్తుకుని చేను గట్టు మీద, ట్రాలీ నీడలో కూర్చునేది. అంగన్‌వాడీ ఉంది గానీ వాగు అవతలి ఊళ్లో ఉంది. నడక వచ్చిన పిల్లలకే అది దూరం. పాకే పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

సంస్థ వచ్చాక పుష్పలత ఇల్లిల్లూ తిరిగి, పొద్దున పిల్లల్ని ఒకచోట దించి పొయ్యే ఏర్పాటు చేసింది. వెదురు తడికెలు గుంపు వాళ్లు కట్టారు. పైన రేకులు సంస్థ వేసింది. సంస్థ బియ్యం, పప్పు ఇచ్చింది. చూసుకోవడానికి జంపక్కను పెట్టి, ఎంతో కొంత జీతం ఇచ్చింది. టీకాలు వేసే నర్సమ్మ నెలనెలా రావడం అప్పుడే మొదలైంది. పుష్పలత వెంట గుంపంతా కట్టగట్టుకుని ఆఫీసుకు పోయి రేషన్ కార్డులు తెచ్చుకున్నదీ అప్పుడే. "అడుగుండ్రి, అడిగితేనే వస్తది" అని నేర్పింది పుష్పలతే.

ఆ రోజుల్లో పిల్లల ఇంటికి అడగకుండానే అన్నీ వచ్చేవి. తెల్లారి తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక సొరకాయ ఉండేది. ఒక కట్టెలమోపు ఉండేది. ఆకులో చుట్టిన ఎండుచేపలు ఉండేవి. ఎవరు పెట్టారో జంపక్కకు తెలియదు. తెలుసుకోవాలని ఆమె చూడలేదు కూడా. గుంపులో ఇవ్వడమంటే అంతే. వానలకు ముందు విత్తనాల పండుగ చేస్తారు. ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ మోదుగాకు దొప్పలో విత్తనం పోసి, పైన ఇంకో ఆకు కప్పి తెస్తారు. అందరూ ఒకే గంపలో ఒంపుతారు. పూజారి కలిపి తలా ఇంత పంచుతాడు. ఎవరి దొప్పలో ఎంతుందో ఎవరూ చూడరు. చూస్తే ఆ ఏడు పంట కలిసిరాదంటారు. ఎక్కువ తెచ్చినవాడికి దిష్టి, తక్కువ తెచ్చినవాడికి సిగ్గు. రెండూ మంచివి కావు.

రెండేళ్ల కింద ఉదయ్ భాస్కర్ వచ్చి గోడకు ఒక చార్టు అతికించాడు. ఇంటి యజమానుల పేర్లన్నీ వరసగా రాసి ఉన్నాయి. పిల్లల ఇంటికి బియ్యం ఇచ్చినవాళ్ల పేరు పక్కన పచ్చ బొట్టు, ఇవ్వనివాళ్ల పక్కన ఎర్ర బొట్టు. ప్రజల వాటా ఎంతో లెక్క చూపాలి, అప్పుడే డబ్బులిచ్చేవాళ్లు నమ్ముతారన్నాడు. ఆయన తప్పేమీ అనలేదు. ఎక్కడో ఎవరో సంస్థ పేరు చెప్పి తినేశారు కాబట్టి లెక్క అడుగుతున్నారు. కానీ చార్టు పడిన వారం నుంచి గుమ్మంలో సొరకాయ ఆగిపోయింది. కట్టెలమోపు ఆగిపోయింది. గోడ మీద ఒక్క పచ్చ బొట్టు పడలేదు. ఇలా ఎందుకు జరిగిందో పుష్పలతకు జంపక్క చెప్పింది. పుష్పలత ఆఫీసులో చెప్పింది. ఆఫీసు మాత్రం నేరేళ్లగుంపు ప్రజలు సహకరించలేదని రాసుకుంది.

* * *

ఆ సాయంత్రం జంపక్క కూతురు సుక్కి చేను నుంచి వచ్చి, బూడిదతో చేతులు రుద్ది రుద్ది కడిగి, ఆముదం రాసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. జంపక్క మనవణ్ని తెచ్చి కూతురి రొమ్ముకు పట్టింది. సుక్కి తన రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. మిరప కాలంలో ఆమె బిడ్డకు పాలిచ్చేది అలాగే. బిడ్డను పట్టుకునే చేతులు జంపక్కవి, పాలు సుక్కివి.

"పుష్పక్క వచ్చిపోయిందంట," అంది సుక్కి.

"అవ్."

"బంద్ అంట."

"అవ్ అంటున్న కదనే."

సుక్కి పెద్దకూతురు సుజాత ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. పోయిన పండక్కి వచ్చినప్పుడు రేషన్ షాపులో కాగితం చదివి, "అమ్మమ్మా, చక్కెర గూడ రావాలె నీకు" అని చెప్పి, అడిగి తెచ్చింది.

"ఆయితారం పోయి సుజాతను తోల్కొస్త," అంది సుక్కి, బిడ్డ వైపు చూస్తూ.

"ఎందుకు?"

"ఎందుకేంది? వీన్ని ఎవలు చూడాలె? బంద్ అయినంక నువ్వు గూడ కాయ ఏరను రావాలె కదా. నీ జీతం పాయె."

"బడి మాన్పిస్తవా?"

"నేను మూడో తరగతిల మానలేదా? సచ్చిపోయిన్నా?"

"సావలే. సంతకం పెట్టేకాడ నువ్వు వేలు ముందుకు పెడుతవ్ చూడు, అప్పుడు అందరు బడి మాన్పించిన నన్ను చూస్తరు. నిన్ను చూడరు." జంపక్క బిడ్డను భుజాన వేసుకుని వీపు తట్టింది. "అది రాదు. పిల్లల ఇల్లు బంద్ కాదు."

"సంస్థోళ్లు సామానంత తీస్కపోతుంటే నువ్వు దేంట్ల వండుతవే అమ్మా? నెత్తి మీదనా?"

"వాళ్లు తీస్కపోయేదాక నేను ఊకుంటనా?"

సుక్కి తల్లి వైపు అనుమానంగా చూసింది. జంపక్క ఒకసారి పోడు భూమి దగ్గర ఫారెస్టు వాళ్ల ట్రాక్టర్‌కు అడ్డంగా పడుకున్న మనిషి. ఆ కేసు వాయిదాలకు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మర్నాడు జంపక్క గుంపు పెద్ద బొజ్జయ్య దగ్గరికి పోయింది. వరసకు ఆమెకు బావ. ఆయన చేతికర్రను చింతచెట్టుకు ఆనించి, కింద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. విత్తనాల పండుగ గంప ఆయన ఇంట్లోనే ఉంటుంది.

"బావా, గంప కావాలె."

"ఇప్పుడు ఏం పండుగ?"

"పిల్లల ఇంటికి గింజలు అడుగుదామని. బొట్ల లెక్క కాదు. మన లెక్కల."

బొజ్జయ్య కత్తి పక్కన పెట్టాడు. "పండుగ కాకుండ ఆ గంప బయటికి రాదు. నీకెర్క లేదా? ఐనా పోయేటోళ్లను ఎందుకు పట్టుకుంటవ్ జంపక్కా. వచ్చిన్రు, నాలుగు దినాలు మంచిగ చేసిన్రు, పోతున్నరు. మొదాల మనం అడిగితే వచ్చిన్రా?"

"వాళ్లను పట్టుకుంటలేను బావా. పిల్లల ఇంటిని పట్టుకుంటున్న. రెండు ఒకటే అనుకుంటున్నవ్ నువ్వు."

"గంప ఇయ్య."

"నీ గంప నువ్వే ఉంచుకో. నాకు ఇప్పపువ్వు ఏరుకునే గంప ఉంది. దానికి పండుగతోని పనిలే."

బొజ్జయ్యకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "నీ నోటికి ఆ సంస్థోళ్లు జీతం ఇచ్చిన్రు చూడు, వాళ్లదీ తప్పు," అని మళ్లీ వెదురు అందుకున్నాడు.

ఆ సాయంత్రం బోరింగ్ దగ్గర ఆడవాళ్లందరికీ జంపక్క ఒకటే మాట చెప్పింది. బేస్తవారం ఎవరూ కాయకు పోవద్దు. బండి వచ్చేలోపు, ఎవరింట్లో ఏది ఉంటే అది, ఆకు కప్పి తీసుకురండి. పిల్లల ఇంట్లో లోపల గంప ఉంటుంది. లోపల ఎవరూ ఉండరు. నేను కూడా ఉండను.

* * *

బేస్తవారం తెల్లవారుజామునే జంపక్క గంపను లోపలి మూల పెట్టి, పైన పాత చీర కప్పి, తాను బయట అరుగు మీద తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇప్పపువ్వు రాలే కాలం. గాలిలో ఆ తీపి వాసన బరువుగా ఉంది. ఎవరూ రాలేదు. కోళ్లు గూళ్లు దిగాయి. ఇళ్లలో పొగలు లేచాయి. అయినా ఎవరూ రాలేదు. రెండేళ్లుగా ఎర్ర బొట్టు చూస్తూ బతికిన వాళ్లు, ఒక్క మాటతో వస్తారా అనుకుంది. రాకపోతే సుజాత రావాలి. ఆ పిల్ల ట్రంకు పెట్టె సర్దుకోవడం ఆమె కళ్లముందు కదిలింది.

అప్పుడు వెనక అడుగుల చప్పుడైంది. జంపక్క తల తిప్పలేదు. లోపల గింజలు జారిన చప్పుడు, చీర సర్దిన చప్పుడు. పోయారు. ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇద్దరు ముగ్గురు ఒకరి వెనక ఒకరు. గజ్జెల కడియాల చప్పుడు ఒకసారి, ముసలి దగ్గు ఒకసారి. ఒకసారి గింజ చప్పుడేమీ వినబడలేదు, చీర మెదిలిన చప్పుడు మాత్రమే వినబడింది. జంపక్క అప్పుడు కూడా ఎదురుగా ఉన్న చెట్లనే చూస్తూ కూర్చుంది. చివరికి తువ్వాల కింద ఏదో దాచుకుని, కర్ర టకటకలాడించుకుంటూ ఒకాయన వచ్చాడు. ఆ కర్ర చప్పుడు గుంపులో అందరికీ తెలిసిందే. జంపక్క కావాలని అవతలి వైపు ముఖం తిప్పుకుని, కోడిపిల్లల్ని అదిలించింది.

పొద్దెక్కాక బండి వచ్చింది. ముందు సీట్లోంచి ఉదయ్ భాస్కర్ దిగాడు, ముప్ఫై దాటని మనిషి, ఎండకు ఎర్రబడ్డ ముఖం. వెనక స్కూటీ మీద పుష్పలత. ఉదయ్ భాస్కర్ చెడ్డవాడు కాదు. కుర్చీ వేస్తే వద్దని అందరితో పాటు కింద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో పిల్లల బరువు ఎలా పెరిగిందో, బడికి పొయ్యే ఆడపిల్లలు ఎంతమంది అయ్యారో చెప్పాడు. చెబుతుంటే ఆయనకు నిజంగానే సంతోషం కలిగింది. తర్వాత కవర్లోంచి శాలువా తీశాడు.

"శాలువా పక్కన పెట్టు సారూ," అంది జంపక్క. "ముందు నువ్వు లోపలికి రా. ఒకటి చూపిస్త."

లోపల మూల గంప మీది చీర తీసింది. ఆమె కూడా చూడడం అదే మొదలు. గంప నిండి అంచు మీద గుట్టయింది. బియ్యం, జొన్నలు, కందులు, ఎండిన ఇప్పపువ్వు, చింతపండు ముద్దలు, ఆకులో చుట్టిన చేపలు, రెండు కోడిగుడ్లు. పుష్పలత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదంతా ఊరు ఇచ్చిందా?" అని అడిగాడు ఉదయ్ భాస్కర్.

"గుంపు ఇచ్చింది. మా పిల్లల ఇల్లు మేం నడుపుకుంటం. సామాను ఇడిసిపెట్టి పో."

ఆయన కళ్లు వెలిగాయి. గబగబా ఫోన్ తీసి గంపను ఫొటో తీశాడు. "చాలా మంచి పని చేశారమ్మా. దీన్ని నేను ఆఫీసులో చూపిస్తాను. ఎవరెవరు ఎంత ఇచ్చారో ఒక లిస్టు చెప్పండి చాలు. ప్రజల వాటా వచ్చింది, వస్తువులు గ్రామానికే అప్పగించాం అని రాసుకోవచ్చు. నేను మాట్లాడి ఒప్పిస్తాను."

బయట తలుపు దగ్గర మూగిన ఆడవాళ్లలో గుసగుస మొదలైంది. సుక్కి తల్లి వైపు చూసింది. నాలుగు పేర్లు, నాలుగు అంకెలు చెబితే అయిపోతుంది. సామాను ఉంటుంది. ఇల్లు ఉంటుంది.

"ఎవరెంతని అడగొద్దు సారూ," అంది జంపక్క.

"ఎందుకమ్మా? ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. ఊరికే రికార్డు కోసం."

"నాకే తెల్వదు. తెల్వద్దనే నేను లోపల కూసోలే. దీంట్ల నిండు దొప్ప ఒంపినోళ్లు ఉన్నరు. ఉత్త దొప్ప ఒంపి పోయినోళ్లు గూడ ఉంటరు. ఇంట్ల గింజ లేకున్నా వచ్చి చెయ్యి పెట్టి పోయిన్రు. రేపు వాళ్ల పిల్లలకు గూడ నేను అన్నం పెట్టాలె. నువ్వు పేర్లు రాస్తే వాళ్లు పిల్లల్ని పంపరు. మళ్ల చేను గట్టు మీద కూసోబెడతరు. ఇంత జేసి ఏం ఫాయిదా?"

"పోనీ అందాజాగా రాద్దాం. ఇంటికి ఇంత అని మీరే చెప్పండి."

"అబద్ధం రాయమంటవా?"

ఉదయ్ భాస్కర్ నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, నన్ను అర్థం చేసుకోండి. లిస్టు లేకుండా నేను వస్తువులు వదిలిపెడితే నా మీదికి వస్తుంది. ఇవి సంస్థ ఆస్తులు. నేను జవాబు చెప్పుకోవాలి."

"చెప్పు. నేరేళ్లగుంపోళ్లు సహకరించలేదని రాయి. ఒకసారి రాసిన్రు కదా, ఇంకోసారి రాస్తే చెయ్యి నొస్తదా?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉదయ్ భాస్కర్ ముఖం ఇంకా ఎర్రబడింది. బయటికి వచ్చి, డ్రైవర్‌ను పిలిచి, పొయ్యి ముందు ఎక్కించమన్నాడు. డ్రైవర్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. గుమ్మం నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ అరవలేదు. కూర్చున్నారంతే. కొందరి ఒళ్లో పిల్లలు పాలు తాగుతున్నారు.

"భద్రాచలంల మీరు పెట్టిన మీటింగ్‌ల మాకు ఏం చెప్పిన్రు సారూ?" అంది జంపక్క. "ఇది మీది అనుకోవాలె, మీ సొంతం అనుకోవాలె అని దినమంత చెప్పిన్రు. పేపర్ల మీద బొమ్మలు గూడ గీయించిన్రు. సరే, అనుకున్నం. మాది అనుకున్నంక, మా పొయ్యి మేం ఎందుకిస్తం?"

"అది కాదమ్మా నేను చెప్పేది—"

"రేకులు మీయి అన్నవ్ అనుకో, తడికెలు మాయి. పీకేటప్పుడు మా తడికె ఇరిగితే నీకు ఖర్సు. చూసుకో మరి."

"కేసు అవుతుంది. పోలీసు కంప్లయింట్ దాకా పోతుంది. నేను బెదిరించడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను."

జంపక్క వేళ్లు ఒక్కొక్కటీ మడిచి చూపించింది. "పోడు కేసు ఉంది. కట్టె కేసు ఉంది. మీది కుక్కర్ కేసు. జడ్జిగారు గూడ నవ్వుకుంటడు. పెట్టుకో."

ఈసారి అందరూ నవ్వారు. బొజ్జయ్య కూడా కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు. ఉదయ్ భాస్కర్ సాయం కోసం పుష్పలత వైపు చూశాడు. ఆమె స్కూటీ తాళంచెవి చేతిలో తిప్పుతూ, "సార్," అంది మెల్లగా. "ఈళ్లను అడగమని నేర్పింది నేనే. ఇప్పుడు అడగొద్దని నేను ఎట్ల చెప్పను?"

ఆయన చాలాసేపు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడాడు. సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఆడవాళ్లు కదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. జంపక్క లోపలికి పోయి, ఆకలికి ఏడుస్తున్న పిల్లలకు జావ కాచి పోసింది. ఉదయ్ భాస్కర్‌కూ ఒక గ్లాసు పంపింది. ఆయన తీసుకుని తాగాడు.

చివరికి దిబ్బ దిగి, "ఇవాళ్టికి వెళ్తున్నాను. ఆఫీసు వాళ్లు మళ్లీ వస్తారు," అన్నాడు.

"రానీ. పిల్లలతోని అన్నం తిని పోతరు."

జంపక్క లోపలికి పోయి గోడ మీది చార్టును నాలుగు మూలలా జాగ్రత్తగా ఊడదీసి, చుట్టచుట్టి తెచ్చింది. శాలువా కూడా తెచ్చింది. రెండూ బండి సీటు మీద పెట్టింది.

"ఇవి మీయి," అంది.

బండి కదిలే ముందు పుష్పలత, నీళ్లు తాగొస్తానని లోపలికి పోయింది. కుండ బయట అరుగు మీదే ఉంది. అయినా ఎవరూ ఆమెను ఆపలేదు. ఎవరూ అటు చూడలేదు.

* * *

బండి పోయిందన్న సంతోషం రాత్రికే సగమైంది. గంపలో గింజ ఉంది. పొయ్యి ఉంది. కానీ జంపక్క రోజంతా పిల్లల దగ్గర కూర్చుంటే ఆమె ఇంట్లో కుండ ఎట్లా పొంగాలి? ఆ మాట ఉదయ్ భాస్కర్ అడగలేదు. మర్నాడు చీకటితోనే లేచి, కాయ ఏరే పాత చీర కట్టుకోవాలా, పిల్లల ఇంటి తాళం తియ్యాలా అని కాసేపు నిలబడింది. తర్వాత పోయి తాళం తీసింది.

ట్రాలీ ఆటో వచ్చి హారన్ కొట్టింది. ముఠా మేస్త్రీ నాగరాజు దిగి, ఒళ్లు విరుచుకుని, ఆడవాళ్లను లెక్కపెట్టాడు.

"నిన్నంత కాయకు రాక చేను మీద కాయ రాలిపోతుంది. రైతు నన్ను తిట్టని తిట్టు లేదు. ఎక్కుండ్రి జల్దీ. ఇయాల్టి నుంచి ఇంకొకలు వస్తరన్నరు, తక్కువున్నరేంది?"

"తక్కువ లేరు," అంది సుక్కి. బిడ్డను తల్లి చేతికిచ్చి వెనక్కి వచ్చింది. "మా అమ్మ ఉంది కదా. అగో, గడప మీద."

"ఆమె వస్తదా?"

"రాదు. ఆడనే ఉంటది. కూలి పైసల్ల పాలు మాత్రం మాతోని సమానం."

నాగరాజుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్దగా నవ్వాడు. "కాయ ముట్టని మనిషికి పాలెట్లనే సుక్కీ? పొద్దుగాల్నే తాగినవా ఏంది?"

"బద్యా ముట్టుతడా?"

ట్రాలీ మీద నీళ్ల డ్రమ్ము పట్టుకుని కూర్చున్న బద్యా ఉలిక్కిపడ్డాడు. ముఠాకు నీళ్లు మోసేది అతనే. మొత్తానికి ఇంత అని గుత్తకు పట్టిన చేనులో వచ్చిన కూలీ అందరూ సమానంగా పంచుకుంటారు. అందులో నీళ్ల మనిషికీ ఒక పాలు ఉంటుంది. అతను ఒక్క కాయ తెంపడు. అయినా అతను లేకపోతే ఎవరూ మధ్యాహ్నం దాకా నిలవలేరని ఎవరూ ఏమీ అనరు. అది తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి.

"నన్నెందుకు మధ్యల గుంజుతవ్ చెల్లే," అన్నాడు బద్యా. "నేను నీళ్లు పోస్తున్న."

"పోస్తనే ఉండు అన్నా. నువ్వు మాకు నీళ్లు పోస్తున్నవ్, మా అమ్మ మా పిల్లలకు పోస్తది. ఆమె లేకపోతే మా అందర్ల సగం మంది చేన్లకే రాలేం. మరి ఆమె నీళ్ల మనిషి లెక్క కాదా?"

"రైతు ఒప్పుకోడు," అన్నాడు నాగరాజు.

"గుత్త పైసలు మేం పంచుకునేటియి. రైతుకేంది, నీకేంది?"

"మీకే తక్కువ పడుతదే పిచ్చిదానా. తలా ఇంత పోతది."

సుక్కి వెనక ఉన్నవాళ్ల వైపు చూడలేదు. "పోనీ," అంది వెనక నుంచి ఎవరో. "పోతే పోనీ," అంది ఇంకొకామె, కొంగు బిగించి కట్టుకుంటూ.

నాగరాజు ఆటో ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పది గజాలు పోనిచ్చి అద్దంలో చూశాడు. ఎవరూ వెంట రాలేదు. ఒకామె తాపీగా కింద కూర్చుని కాళ్లు చాపుకుంది. నాగరాజు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఈలోపు అతని జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. రైతే అయి ఉంటాడు. అతను ఫోన్ ఎత్తలేదు. ఆటో వెనక్కి తెచ్చాడు.

"పెట్టుకోండ్రి మీ ఇష్టం. ఎక్కుండ్రి తల్లీ, దండం పెడత."

ఆడవాళ్లు ఎక్కారు. సుక్కి ఒక కాలు ట్రాలీ మీద పెట్టి వెనక్కి తిరిగింది. గుడిసెలోంచి పిల్లల ఏడుపులు అప్పుడే మొదలయ్యాయి. జంపక్క మనవణ్ని భుజాన వేసుకుని గడప మీద నిలబడి ఉంది.

"ఏమే, ఆయితారం యాడికో పోత అన్నవ్?" అని అరిచింది తల్లి.

"యాడికి పోను?" అని సుక్కి కూడా అరిచింది. "ఆయితారం గూడ కాయ ఏరేదుంది."

ట్రాలీ కదిలింది. జంపక్క లోపలికి తిరిగి, ఏడ్చే పిల్లల్లో బాగా ఎక్కువ ఏడ్చేవాణ్ని ముందు ఎత్తుకుంది.